కేకు మాడితే తప్పు అక్కదేనా?

శుక్రవారం రాత్రి పదకొండున్నరకి అక్క నుంచి ఒక ఫొటో వచ్చింది. అంచులు బొగ్గులా మాడి, నడిమధ్య పగిలి, ఆ పగులులోంచి పచ్చి పిండి ఉబికి వచ్చిన కేకు. కింద ఒక్కటే లైను. "ఇంక నా వల్ల కాదే. ఆదివారం ఆర్డర్ క్యాన్సిల్ అని చెప్పేస్తా."

మా అక్కది విజయవాడ. పాప పుట్టాక స్కూల్లో టీచర్ ఉద్యోగం మానేసింది. రెండేళ్ల కిందట ఒక ఓటీజీ కొనుక్కుని, ఇంట్లోనే కేకులు చేసి అమ్మడం మొదలుపెట్టింది. ఓటీజీ అంటే తెలుసుగా... ఓవెన్, టోస్టర్, గ్రిల్లర్ మూడూ కలిసిన కరెంటు పెట్టె. అపార్ట్‌మెంట్ వాళ్లు, పాత స్కూలు టీచర్లు, వాళ్ల చుట్టాలు... అలా అలా నెలకి ఇరవై ఆర్డర్ల దాకా వెళ్లింది. ఈమధ్య మాత్రం ఐదారుకి పడిపోయింది. కారణం అడిగితే "చెయ్యి తిరగట్లేదే" అంటుంది. వాళ్ల అత్తయ్యగారేమో "మైదా ఖర్చు, కరెంటు ఖర్చు, ఆపైన ఏడుపు. ఎందుకమ్మా ఇదంతా?" అంటున్నారట.

నేను బీటెక్‌లో ట్రిపుల్ఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ బాపతు. ఐదేళ్లుగా హైదరాబాద్‌లో కోడ్ రాస్తున్నా తప్ప మల్టీమీటర్ ముట్టుకున్నది లేదు. కానీ ఆ ఫొటో చూసినప్పుడు ఒకటి అనిపించింది. చేతకాని వాళ్లు చేసిన కేకు ఒక్కోసారి ఒక్కోలా పాడవుతుంది. అక్క పంపిన పాత ఫొటోలన్నీ తీసి చూస్తే, నాలుగు నెలలుగా అన్నీ ఒకేలా పాడయ్యాయి. ఇది మనిషి తప్పులా లేదు, మెషీన్ తప్పులా ఉంది. "క్యాన్సిల్ చెయ్యకు, పొద్దున్నే వస్తున్నా" అని మెసేజ్ పెట్టి, తెల్లవారుజామున బస్సెక్కా.

కేకే చెప్పే సాక్ష్యం

వెళ్లగానే మాడిన కేకుని చాకుతో రెండుగా కోశాం. పైనుంచి కింద దాకా చుట్టూ ఒకటే మందంలో నల్లటి పెచ్చు. లోపల పచ్చి.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. మాడిపోవడంలో రకాలున్నాయి. పైన మాత్రమే మాడితే టిన్ను పై రాడ్‌కి మరీ దగ్గరగా ఉందని, ఒక ర్యాక్ కిందికి దించితే సరిపోవచ్చని అర్థం. అడుగు మాత్రమే మాడితే కింది రాడ్ దగ్గరైందనో, నల్లటి నాన్‌స్టిక్ టిన్ను వాడుతున్నారనో అనుకోవచ్చు. మెరిసే అల్యూమినియం కంటే నల్లటి టిన్ను వేడిని ఎక్కువ పీల్చుకుంటుంది. ఒక మూల మాత్రమే మాడితే వేడి లోపల సమంగా తిరగట్లేదు. కానీ చుట్టూ మాడి లోపల పచ్చిగా ఉంటే, పైగా మధ్యలో అగ్నిపర్వతంలా పగిలితే, మొత్తం వేడే ఎక్కువైందన్నమాట. పై పొర ముందే గట్టిపడిపోతుంది. లోపలి పిండి తర్వాత పొంగుతుంది. దానికి దారి లేక పైకప్పు చీల్చుకుని వస్తుంది.

అక్క ఈ నాలుగు నెలల్లో ఏమేం మార్చిందో లిస్టు చెప్పింది. బేకింగ్ పౌడర్ బ్రాండు, కోకో పౌడరు, వెన్న. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి గంటసేపు బయట పెట్టడం. కొత్త టిన్నులు. యూట్యూబ్‌లో ముగ్గురి రెసిపీలు. చివరికి నలభై నిమిషాలు పెట్టాల్సిన కేకుని ఇరవై ఐదుకే తీసేయడం. మధ్యమధ్యలో తలుపు తీసి చూడటం, వేడి ఎక్కువగా అనిపిస్తే స్విచ్ ఆపి మళ్లీ వేయడం. ఆమెకి తెలియకుండానే ఓవెన్ చేయాల్సిన పని తను చేస్తోంది. ఎండాకాలంలో, విజయవాడలో, ఆ వంటింట్లో.

"మరి ఓవెన్ మీద అనుమానం రాలేదా?" అన్నా.

"వేడెక్కకపోతే కదా అనుమానం. బ్రహ్మాండంగా వేడెక్కుతోంది" అంది.

పంచదార పరీక్ష

నాబ్ మీద 180 అని ఉంటే లోపల 180 ఉన్నట్టు కాదు. అది మనం అడిగిన నంబరు మాత్రమే. ఇచ్చిందెంతో వేరే కొలవాలి. దానికి ఓవెన్‌లో వేలాడదీసే చిన్న డయల్ థర్మామీటర్లు దొరుకుతాయి. నేను దార్లో ఒకటి కొనుక్కెళ్లా. అది లేకపోయినా ఇంట్లో ఉన్న పంచదారతో ఒక మోటు పరీక్ష చేయొచ్చు.

పంచదార దాదాపు 186 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఓవెన్‌ని 170కి పెట్టి, పూర్తిగా వేడెక్కనిచ్చి, రేకు గిన్నెలో ఒక చెంచా పంచదార వేసి పావుగంట ఉంచండి. కరగకూడదు. తర్వాత 195కి పెట్టి మరో పావుగంట. ఇప్పుడు కరగాలి. 170 దగ్గరే కరిగి ముద్దయిందంటే ఓవెన్ మీరు అడిగినదానికంటే ఎక్కువ ఇస్తోంది. ఇది ల్యాబ్ పరీక్షేమీ కాదు, పది పదిహేను డిగ్రీల తేడాని పట్టివ్వదు. పెద్ద తేడాని మాత్రం పట్టేస్తుంది.

మాది కరగడం కాదు, పావుగంట కాకముందే గోధుమరంగు దాటి నల్లబడి పొగ మొదలైంది. అత్తయ్యగారు హాల్లోంచే "మళ్లీ మాడ్చారా?" అని అరిచారు.

తర్వాత ఓవెన్‌ని చల్లారనిచ్చి, థర్మామీటర్ పెట్టి, నాబ్‌ని 180 మీద ఉంచి, ఐదు నిమిషాలకోసారి నోట్ చేశా. పది నిమిషాలకి 170. ఇక్కడిదాకా బాగానే ఉంది. పదిహేనుకి 215. ఇరవైకి 245. ఇరవై ఐదుకి 270. ఎక్కడా తగ్గడం లేదు, ఆగడం కూడా లేదు.

ఓవెన్ బాగుంటే ఏం జరుగుతుందంటే, 180కి పెట్టినా అది సరిగ్గా 180 దగ్గర నిలబడదు. కొంచెం పైకి వెళ్లాక హీటర్ ఆగుతుంది, కొంచెం కిందికి పడ్డాక మళ్లీ వెలుగుతుంది. మామూలు ఓటీజీలో పదిహేనేసి డిగ్రీలు అటూ ఇటూ ఊగినా కంగారు పడక్కర్లేదు, సగటు చూసుకోవాలి. అసలు ఊగడమే లేకుండా ఎక్కుతూ పోతే అది కొలతలో తేడా కాదు. ఆపేవాడే లేడని లెక్క.

మీటర్ దగ్గర బావ

ఇంకొక్కటి నిర్ధారించుకోవాలనిపించింది. నిజంగా హీటర్ ఆగకుండా వెలుగుతోందా? ఓవెన్ మీద ఎర్ర లైటు ఉంది కానీ దాన్ని నమ్మలేం. కొన్ని మోడళ్లలో ఆ లైటు హీటర్‌తో పాటు ఆగి వెలుగుతుంది. కొన్నింట్లో టైమర్ తిరిగినంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. అక్కది రెండో రకం. అందుకే ఆమెకి ఎప్పుడూ తేడా కనిపించలేదు.

అప్పుడు కరెంటు మీటర్ గుర్తొచ్చింది. ఇళ్లలోని ఎలక్ట్రానిక్ మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది, గమనించారా? అది ఊరికే కాదు. మనం ఎంత కరెంటు వాడితే అంత వేగంగా మిణుకుతుంది. యూనిట్‌కి ఎన్నిసార్లో మీటర్ మీదే రాసి ఉంటుంది. అక్క వాళ్ల దాని మీద 3200 అని ఉంది. అంటే 1600 వాట్ల ఓవెన్ నిండుగా లాగుతుంటే పది సెకన్లకి పద్నాలుగు సార్లు మిణకాలి.

ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ అన్నీ ఆపించా. ఆ ఉక్కలో అత్తయ్యగారు విసనకర్ర అందుకున్నారు. బావ కింద మీటర్ల గదిలో ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. నేను పైన ఓవెన్ ముందు.

"ఎంత బావా?"

"పద్నాలుగు... పదిహేను."

లోపల 260 దాటాక నాబ్‌ని 180 నుంచి ఒక్కసారిగా 100కి తిప్పా. మంచి ఓవెన్ అయితే ఆ క్షణమే హీటర్ ఆగిపోవాలి. చాలావాటిలో 'టక్' మని చిన్న చప్పుడు కూడా వినిపిస్తుంది.

"ఇప్పుడు?"

"పద్నాలుగు. ఏం మారలా."

నాబ్‌కి, హీటర్‌కి సంబంధమే లేదు. అక్క ఇన్నాళ్లూ 180, 170, 160 అని ఎంతో జాగ్రత్తగా తిప్పుతున్న ఆ నాబ్ ఉత్తుత్తిదే.

మధ్యలో బావ "వోల్టేజీ ఎక్కువొస్తోందేమో" అన్నాడు. చూస్తే 236 ఉంది. హీటర్ పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 230తో పోలిస్తే ఐదు శాతం ఎక్కువ. దానివల్ల ఓవెన్ త్వరగా వేడెక్కుతుంది, అంతే. థర్మోస్టాట్ పనిచేస్తుంటే అది ఆపాల్సిన చోటే ఆపుతుంది. వోల్టేజీ మీదకి నెట్టేసి ఉంటే స్టెబిలైజర్ ఖర్చు మిగిలేది, కేకులు మాత్రం మాడుతూనే ఉండేవి.

నల్ల టేపు

బగ్ వస్తే మా టీమ్‌లో మొదట అడిగేది ఒకటే ప్రశ్న. ఇది ఎప్పటి నుంచి, దానికి ముందు ఏం మార్చారు? అక్కని అడిగితే టిన్నులు, కోకో అనే చెబుతోంది. "ఓవెన్‌కి ఏమైనా అయిందా?" అని తిప్పి అడిగితే అప్పుడు గుర్తొచ్చింది.

"సంక్రాంతి తర్వాత ఒకసారి అసలు వేడెక్కలేదు. వీధి చివర షాపులో ఇచ్చాం. మూడొందలు తీసుకుని గంటలో ఇచ్చేశాడు."

ప్లగ్గు పీకేసి, రెండు గంటలు చల్లారనిచ్చి, నాబ్‌ల వైపు రేకు విప్పా. (ఇది మీరూ చేసేయండి అని చెప్పడం లేదు. ప్లగ్గు పీకకుండా మాత్రం అస్సలు వద్దు. ఇక మైక్రోవేవ్ అయితే ప్లగ్గు పీకినా విప్పొద్దు. దాని కెపాసిటర్‌లో వేల వోల్టులు అలాగే నిలవుండి ప్రాణం తీయగలవు. ఓటీజీలో అది ఉండదు కాబట్టే ధైర్యం చేశా.)

లోపల పెద్ద సర్క్యూట్ ఏమీ లేదు. టైమర్, పై రాడ్డా కింది రాడ్డా అని ఎంచుకునే స్విచ్, థర్మోస్టాట్, రాడ్లు. కరెంటు ఒకదాని తర్వాత ఒకటి దాటుకుంటూ రాడ్‌కి చేరాలి. థర్మోస్టాట్‌లో ప్రాణమంతా ఒక చిన్న రేకులో ఉంటుంది. వేడికి ఒకటి ఎక్కువగా, ఇంకోటి తక్కువగా సాగే రెండు లోహాలని అతికించి చేసిన రేకు అది. వేడెక్కితే వంగి, కరెంటు దారిని తెంచుతుంది. చల్లారితే నిటారై మళ్లీ కలుపుతుంది. మనం నాబ్ తిప్పితే ఆ రేకు ఎంత వంగాక తెంచాలో మారుతుంది. 18వ శతాబ్దంలో జాన్ హారిసన్ అనే ఇంగ్లిష్ గడియారాల నిపుణుడు ఓడల్లో వాడే గడియారం కోసం కనిపెట్టిన ఉపాయం ఇది. ఇస్త్రీ పెట్టెల్లో ఇప్పటికీ అదే.

ఇది ఎక్కువగా పాడయ్యేది రెండు రకాలు. కరెంటు తెంచి కలిపేచోట నిప్పురవ్వలు వచ్చీ వచ్చీ కాంటాక్టులు కాలిపోతే, కలవడం మానేస్తాయి. ఓవెన్ వేడెక్కదు. లేదా రెండూ కరిగి అతుక్కుపోతే, విడవడం మానేస్తాయి. ఓవెన్ ఆగదు. కొన్ని పెద్ద ఓవెన్లలో రేకు బదులు సన్నటి రాగి గొట్టం, దాని చివర ద్రవం నింపిన చిన్న బల్బు ఉంటాయి. అది చిట్లి ద్రవం కారిపోతే లోపల ఎంత కాలుతున్నా థర్మోస్టాట్‌కి చల్లగానే ఉన్నట్టు అనిపిస్తుంది.

అతుక్కుపోయి ఉంటుందనుకుంటూ టార్చ్ వేసి చూశా. అతుక్కోవడం కాదు. థర్మోస్టాట్‌కి అసలు వైర్లే లేవు. దానికి రావాల్సిన రెండు వైర్లని పీకి, ఒకదానికొకటి మెలిపెట్టి, పైన మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టేశారు. ఆ టేపు వేడికి జిగురు కారి, పక్కనున్న రేకుకి అంటుకుపోయి ఉంది. ఇంకొన్నాళ్లు పోతే లోపలి రాగి ఆ రేకుని తాకేదే. రేకు అంటే ఓవెన్ ఒళ్లే. రోజూ అక్క ముట్టుకునేది, పాప వచ్చి ఆనుకునేది.

దీన్ని మనవైపు 'డైరెక్ట్ ఇవ్వడం' అంటారు.

సాయంత్రం ఫొటో పట్టుకుని ఆ షాపుకి వెళ్లాం. అతను దబాయించలేదు. "అప్పుడు పార్ట్ లేదమ్మా. మీరే అర్జెంటు అన్నారు. వేడెక్కుతోందిగా మరి?" అన్నాడు. అక్క గొడవ పెట్టుకునే రకం కాదు. బయటికొచ్చాక మెల్లగా అంది. "అవునే... ఇచ్చేటప్పుడు 'కొంచెం చూసుకుంటూ వాడండమ్మా' అన్నాడు. నేను అందరికీ చెప్పే మాటే అనుకున్నా."

నాకు కోపం వచ్చింది మూడొందల గురించి కాదు. నాలుగు నెలలు అక్క తన చేతినే తిట్టుకుంది. ఆ ఒక్క మాట కొంచెం విడమరిచి, "దీనికిప్పుడు వేడి ఆపేది ఏదీ లేదు, పార్ట్ వచ్చేదాకా వాడొద్దు" అని చెప్పి ఉంటే ఆగిపోయేది.

ఆదివారం ఉదయం బావకి తెలిసిన ఇంకో మెకానిక్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, మాటలు తక్కువ. టేపు ముద్దని చూసి ఓ చిన్న నవ్వు నవ్వాడు. తన పెట్టెలోంచి అదే రేంజి, 16 ఆంపియర్ల థర్మోస్టాట్ తీశాడు. కాలిన వైరు ముక్క కత్తిరించి, వేడిని తట్టుకునే తెల్లటి ఫైబర్ గ్లాస్ స్లీవ్ ఉన్న వైరు వేసి, పింగాణీ కనెక్టర్‌తో బిగించాడు. మల్టీమీటర్ ఒక తీగ ఎర్త్ పిన్నుకి, ఇంకోటి ఓవెన్ రేకుకి పెట్టి, ఎర్తింగ్ కలుస్తోందో లేదో చూశాడు. పార్టుకి 350, పనికి 200.

"గీజర్లు కూడా ఇలాగే డైరెక్ట్ చేసి ఇస్తారమ్మా, అవి ఇంకా భయం" అన్నాడు. నిజమే. నీళ్ల గీజర్‌కి థర్మోస్టాట్, కటాఫ్ రెండూ తీసేసి, పైన ప్రెజర్ వాల్వు కూడా పట్టేసి ఉంటే ట్యాంకు పేలుతుంది. రిపేరుకి ఇచ్చిన ఏ వేడి వస్తువైనా తిరిగి తెచ్చుకునేటప్పుడు "థర్మోస్టాట్ మార్చారా, డైరెక్ట్ ఇచ్చారా? పాత పార్ట్ ఏది?" అని అడిగి తీసుకోండి. పాత పార్ట్ చేతిలో పెట్టలేదంటే అనుమానించొచ్చు.

వెళ్తూ వెళ్తూ ఆయన గోడ వైపు చూపించాడు. ఓవెన్ ప్లగ్గుని మిక్సీ పెట్టుకునే మామూలు బోర్డు నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో తెచ్చుకున్నారు. ప్లగ్గు పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ టీ రంగుకి తిరిగి ఉంది. 1600 వాట్లంటే దాదాపు 7 ఆంపియర్లు. ఆ చిన్న సాకెట్ 6 ఆంపియర్లకి చేసింది. థర్మోస్టాట్ ఉన్నప్పుడు మధ్యమధ్యలో దానికీ కాస్త విరామం దొరికేది. డైరెక్ట్ ఇచ్చాక గంటల తరబడి ఆగకుండా కాలింది. ఇప్పుడు ఏసీ కోసం వేయించి వాడకుండా వదిలేసిన 16 ఆంపియర్ల సాకెట్ దగ్గరికి ఓవెన్ మారింది. దానికోసం వంటింటి బల్ల మొత్తం జరపాల్సి వచ్చింది, అది వేరే కథ.

మధ్యాహ్నం మళ్లీ థర్మామీటర్ పెట్టాం. నాబ్ 180. కొలత 195 దాకా ఎక్కింది. టక్. 165కి దిగింది. టక్. బావ మీటర్ల గదిలోంచి ఫోన్‌లో "ఆగింది... ఆగింది... మళ్లీ మొదలైంది" అని క్రికెట్ కామెంటరీలా చెబుతున్నాడు.

ఆర్డర్ రెండు కిలోలది, సాయంత్రం ఏడుకి ఇవ్వాలి. ముందు చిన్న టిన్నులో అరకిలో పెట్టి చూద్దాం అంది అక్క. ఇరవై ఐదు నిమిషాలకి అలవాటుగా తలుపు తీసి, పుల్ల గుచ్చింది. పుల్లకి పిండి అంటుకుని వచ్చింది. కేకు మధ్యలో ఇంకా వణుకుతోంది.

"చూశావా, ఇప్పుడు అసలే ఉడకట్లేదు" అంది. మొహం మళ్లీ వాడిపోయింది.

నేను ఏదో అనబోయేలోపు అత్తయ్యగారే లేచొచ్చి, అల్మరాలోంచి ఒక నోటుబుక్ తీసిచ్చారు. అక్క రెండేళ్ల కిందట రాసుకున్న మొదటి రెసిపీలు. అందులో 180 దగ్గర నలభై నిమిషాలు అని ఉంది. ఆ నలభైని తర్వాత కొట్టేసి ముప్ఫై ఐదు, దాన్ని కొట్టేసి ముప్ఫై, దాన్నీ కొట్టేసి ఇరవై ఐదు. ఒక్కో అంకె ఒక్కో పెన్నుతో.

అక్క తలుపు మూసేసి, టైమర్‌ని ఇంకో పదిహేను నిమిషాలకి తిప్పి, చాలా రోజుల తర్వాత ఓవెన్ ముందు నుంచి లేచి వెళ్లి హాల్లో ఫ్యాన్ కింద కూర్చుంది.